వరద లెక్క లేఅవుట్ దగ్గరే తేలాలి

సంపాదకులకు నమస్కారం.

వాన పడి కాలనీలు మునిగిన ప్రతిసారీ చర్చంతా నాలాల మీదికి మళ్లుతుంది. ఎక్కడ వెడల్పు చేయాలి, ఎన్ని కోట్లు మంజూరయ్యాయి, పనులెందుకు ఆగాయి అన్న వార్తలు వరసగా వస్తాయి. నాలా పనులు అవసరమే, కాదనం. కానీ నాలాలోకి ఎన్ని నీళ్లు, ఎంత తొందరగా వచ్చి పడతాయన్నది నాలా తవ్వేవాళ్ల చేతిలో లేదు. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చిన బల్ల దగ్గర అది ఎప్పుడో తేలిపోయింది. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) 2050 మాస్టర్ ప్లాన్ తయారీలో ఉన్నప్పుడే ఆ బల్ల మీద ఏ కాగితాలుండాలో మాట్లాడుకోవడం మంచిదని ఈ ఉత్తరం రాస్తున్నాం.

లెక్క కష్టమైనదేమీ కాదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. గంటలో ఐదు సెంటీమీటర్ల వాన ఎకరం నేల మీద కురిస్తే రెండు లక్షల లీటర్లు. ఆ ఎకరం మెట్ట చేనుగా ఉన్న రోజుల్లో గట్లు కొంత ఆపేవి, దున్నిన నేల కొంత తాగేది. మూడో వంతు బయటికి పారితే ఎక్కువ. అదే ఎకరంలో స్లాబులు, సీసీ రోడ్లు, గేటు దాకా టైల్స్ వచ్చాక డెబ్బై ఎనభై శాతం రోడ్డెక్కుతుంది. అదీ పది పదిహేను నిమిషాల్లో. మొత్తం రెండింతలైతే ఉధృతి అంతకు మించి పెరుగుతుంది, గంటల తరబడి విడతలుగా రావలసిన నీళ్లు ఒక్కుమ్మడిగా వస్తాయి కనుక. మన నేల కూడా పెద్దగా సాయం చేయదు. చాలాచోట్ల అడుగో రెండడుగులో మట్టి, కింద మొరం, దాని కింద గ్రానైటు.

దేశంలోని పాత వాననీటి కాల్వలు చాలావరకు గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానను దృష్టిలో పెట్టుకుని కట్టినవేనని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010 నాటి మార్గదర్శకాల్లోనే రాసింది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల మధ్య 19 సెంటీమీటర్లు. అలాంటి రోజుకు సరిపడా నాలాలు కట్టుకుంటూ పోతే నగరంలో సగం బస్తీలు లేపాలి. కాబట్టి నీళ్లను పైనే, పడిన చోటుకు దగ్గర్లోనే, కొన్ని గంటలపాటు ఆపాలి. ఆ పని ఒకప్పుడు గొలుసుకట్టు చెరువులు చేసేవి. వాటి చుట్టూ మనం గీసుకున్న గీతలోనే అసలు తప్పుంది.

2012 ఏప్రిల్ నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువు చుట్టూ, దాని నిండు మట్టం (ఎఫ్‌టీఎల్) గీత నుంచి 30 మీటర్లు బఫర్‌గా, అంటే కట్టడాలు లేకుండా, వదలాలి. అంతకన్నా చిన్న చెరువులు, కుంటలు, శిఖం భూములకు (చెరువు నీళ్లు నిలిచే నేలకు) 9 మీటర్లు. పది మీటర్లకన్నా వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతలోపు నాలాకు 2 మీటర్లు. ఈ కొలతలన్నీ నేల మీద అడ్డంగా టేపు పెట్టి కొలిచేవి. వరద మాత్రం నిలువుగా లేస్తుంది.

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు అలుగు, మన పల్లెల్లో మత్తడి అంటాం, దాని పైఅంచు మట్టం. నీళ్లు అక్కడిదాకా వస్తే అలుగు పారడం మొదలవుతుంది, అంతే. గట్టి వరద వచ్చినప్పుడు అలుగు మీద రెండడుగుల మందాన నీళ్లు పారుతుంటే చెరువంతా ఎఫ్‌టీఎల్‌కు రెండడుగులు పైనే ఉన్నట్టు. పది మీటర్ల పొడవున్న అలుగు తీసుకోండి. దాని మీద 60 సెంటీమీటర్ల మందాన పారితే సెకనుకు సుమారు 8 ఘనపు మీటర్ల నీరు పోతుంది. కింద కాల్వలో ఎవరో ప్రహరీ లేపి అలుగులో సగం మూసేశారనుకుందాం. పైనుంచి వచ్చే వరద ఆ సంగతి తెలిసి తగ్గదు. అవే నీళ్లు ఐదు మీటర్ల సందులోంచి పోవాలంటే 95 సెంటీమీటర్లకు లేవాలి. చెరువు లోపలి వాలు నూటికి ఒకటి ఉంటే, అంటే వంద మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు పెరిగే నేలైతే, ఎఫ్‌టీఎల్ గీత దాటి నీళ్లు 95 మీటర్ల దూరం వస్తాయి. అలుగు మూయకపోయినా 60 మీటర్లు వచ్చేవే. 30 మీటర్ల బఫర్ మొదటి అడుగు ఎత్తుకే అయిపోయింది. చెరువు ఎగువ భాగంలో నేల ఇంతకన్నా చదునుగా ఉండే చోట్లు మనకు చాలా ఉన్నాయి. అక్కడ ‘బఫర్ వదిలేసి కట్టుకున్నాం, అన్ని అనుమతులూ ఉన్నాయి, అయినా మునిగాం’ అనేవాళ్లు అబద్ధమాడుతున్నట్టు కాదు.

అందుకని కొత్త ప్లాన్‌లో బఫర్‌కు రెండు కొలతలు పెట్టాలి. ఇప్పుడున్న మీటర్లు ఒకటి. అలుగు పొడవు, పరీవాహక విస్తీర్ణం పట్టి తేల్చిన గరిష్ఠ వరద మట్టానికి మరో అర మీటరు కలిపిన కాంటూరు, అంటే ఆ ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత, రెండోది. రెండింటిలో ఏది చెరువుకు దూరంగా పడితే అదే సరిహద్దు. దాని బయట కట్టే ప్రతి ఇంటి అనుమతి పత్రంలో గ్రౌండ్ ఫ్లోర్ కనీస మట్టం సముద్రమట్టానికి ఎన్ని మీటర్లో అంకెల్లో రాయాలి. ‘రోడ్డుకు రెండడుగుల ఎత్తు’ అని రాస్తే చాలదు. రోడ్డు మట్టం నిలకడగా ఉండదు. తారు రోడ్డు మీద ఒక్కో పొర వేసినప్పుడల్లా నాలుగైదు సెంటీమీటర్లు లేస్తుంది. పాత పొర గీకకుండా నాలుగుసార్లు వేస్తే ఇరవై సెంటీమీటర్లు. ఇల్లు కట్టినప్పుడు ఎత్తుగా ఉన్న గడప పదిహేనేళ్లకు గుంటలో ఉండేది ఇందుకే. మిల్లింగ్ చేయనిదే కొత్త పొర వేయకూడదన్న షరతు కాంట్రాక్టులో రాసి, బిల్లు చెల్లించే ముందు లెవెల్ చూడటం పెద్ద ఖర్చు కాదు.

ఇక ఎఫ్‌టీఎల్ గీత గీసే పద్ధతి. అలుగు పైఅంచు లెవెల్ తీసుకుని, ఆ మట్టంలోనే చెరువు చుట్టూ పాయింట్లు గుర్తించి కలుపుతారు. నీటిపారుదల, రెవెన్యూ, సర్వే శాఖలు కలిసి చేయాలి. తర్వాత ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలు, తుది నోటిఫికేషన్. కాగితం మీద చక్కగా ఉంటుంది. సర్వే జరిగేనాటికే శిఖంలో రెండు వేల లారీల మట్టి పోసి ఉంటే? లెవెల్ యంత్రం అబద్ధం చెప్పదు, కానీ అది చూసేది ఇవాళ్టి నేలను. పూడ్చిన చోటు అలుగుకన్నా ఎత్తుగా కనిపిస్తుంది, గీత చెరువు లోపలికి జరుగుతుంది, పూడ్చినవాడి ప్లాటు చట్టబద్ధమైపోతుంది. ఇంకో ఉపాయం అలుగునే పగలగొట్టడం. రెండడుగులు గండి కొడితే చెరువు ఎప్పటికీ పూర్తిగా నిండదు. నాలుగేళ్లు ఎండిన శిఖం చూపించి ‘ఇక్కడ నీళ్లెప్పుడూ రావు’ అంటారు.

దీనికి మందు హైదరాబాద్‌లోనే ఉంది. బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా ఉంది. పాత టోపోషీట్లు, పాత ఉపగ్రహ చిత్రాలు, గ్రామ నక్షా, సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు), పాత పహాణీలు కలిపి చూస్తే పూడ్చకముందు నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయో దొరుకుతుంది. పోసిన మట్టి మందాన్ని పదేసి మీటర్లకో బోరు గుంత వేసి నిర్ధారించవచ్చు. పోసిన మట్టిలో ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ ఉంటాయి, కింద నల్లటి ఒండ్రు తగులుతుంది. పొర మారే చోటు కంటికే కనిపిస్తుంది. ఎఫ్‌టీఎల్‌ను ఆ అసలు నేలను పట్టే నిర్ణయించాలి. 2020లో ఆన్‌లైన్‌లో ఇంటి అనుమతులిచ్చే టీఎస్‌ బీపాస్ వచ్చాక 600 గజాల దాకా చిన్న ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణే చాలు. ఆ ఆన్‌లైన్ పటంలో ఎఫ్‌టీఎల్ గీత తప్పుగా ఉంటే తప్పు అనుమతి క్షణాల్లో చేతికొస్తుంది. వేగం మంచిదే, దాని వెనకున్న పటం సరైనదైతే.

శిఖంలో ఉన్న భూమంతా సర్కారుదని అనుకోవడం కూడా పొరపాటు. నీళ్లు తగ్గాక సాగు చేసుకునే శిఖం పట్టాలు చాలాచోట్ల ఉన్నాయి. సాగు హక్కు ఉంటుంది, కట్టే హక్కు ఉండదు. ఆ పట్టాదారుకు ఏ దారీ చూపకుండా ‘కదలొద్దు’ అంటే అతను ఏదో ఒక రోజు నోటరీ కాగితం మీద ప్లాట్లు చేసి అమ్ముతాడు, కొన్నవాడు రోడ్డున పడతాడు. భూమి వదులుకున్నవాళ్లకు బదులుగా వేరేచోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు ఇచ్చే టీడీఆర్ పద్ధతి మన దగ్గర ఉంది. దాన్ని రోడ్ల వెడల్పుకే పరిమితం చేయకుండా శిఖం పట్టాలకు పెద్ద ఎత్తున వాడాలి. కూల్చివేతలకన్నా ఇది చవక, కోర్టుల్లోనూ నిలబడుతుంది.

చెరువును కాపాడితే సరిపోదు, అందులో ఖాళీ ఉండాలి. పాతిక ఎకరాల చెరువులో మీటరు లోతు ఖాళీ ఉంటే పది కోట్ల లీటర్లు పడతాయి. గంటలో కురిసిన ఐదు సెంటీమీటర్ల వానకు ఏడు వందల ఎకరాల కాలనీల నుంచి వచ్చే నీరంతా అందులో ఆగిపోతుంది, కింది నాలాకు చుక్క పోకుండా. అదే చెరువు జూన్ నాటికే మురుగుతో అలుగు అంచు దాకా నిండి ఉంటే వరదకు అదొక దారి మాత్రమే. నగరంలో చాలా చెరువుల పరిస్థితి ఇదే. కాలనీల మురుగు ఏడాది పొడవునా అందులోకే వస్తుంది, తూము షట్టరు తుప్పు పట్టి కదలదు. పైగా చుట్టూ వాకింగ్ ట్రాక్ వేశాక చెరువు నిండుగా ఉంటేనే అందం అనే కాలనీవాసుల ఒత్తిడి ఒకటి. మురుగును చెరువు చుట్టూ పైపులో మళ్లించి కింద మురుగు శుద్ధి కేంద్రానికి పంపాలి. తూములకు కొత్త షట్టర్లు బిగించి, ఏటా మే చివరికల్లా ఒక మీటరు దించాలి. పెద్ద వాన హెచ్చరిక వస్తే ఒకరోజు ముందే మరికొంత వదలాలి. వదిలేటప్పుడు గొలుసులో కింది చెరువు నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పైదాన్ని ముందు వదిలితే ఆ నీళ్లు కింది చెరువును నింపేస్తాయి. చేపల సొసైటీలతో ముందే మాట్లాడి కనీస మట్టం ఒకటి నిర్ణయించుకోవాలి, లేకపోతే ఆ షట్టరు ఎత్తనివ్వరు.

గొలుసు తెగితే ఏమవుతుందో మనకు వందేళ్ల పైనుంచే తెలుసు. 1908 మూసీ వరద మీద విశ్వేశ్వరయ్య ఇచ్చిన లెక్క ప్రకారం నగరానికి ఎగువన 862 చదరపు మైళ్ల పరీవాహకంలో 788 చెరువులుండేవి, వాటిలో 221 తెగాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ తర్వాత పుట్టినవే. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గగన్‌పహాడ్ అప్ప చెరువు, ఆ తర్వాత కొద్దిరోజులకు బాలాపూర్ గుర్రం చెరువు కట్టలు తెగాయి. మట్టి కట్ట మీంచి నీళ్లు పొర్లడం మొదలైతే దాన్ని ఆపడం కష్టం, వెనక వాలు కోసుకుంటూ వస్తుంది. పొర్లకుండా చూడాల్సింది అలుగు. ఆ అలుగు కింది కాల్వనే మనం ముందు ఆక్రమిస్తాం, చెరువు కనిపించినట్టు అది కంటికి కనిపించదు కాబట్టి. 2016 సెప్టెంబరులో నిజాంపేట భండారీ లేఅవుట్‌లో అపార్టుమెంట్ల సెల్లార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. చెరువు నీళ్లు పోయే దారి అటుగానే ఉంది మరి. లేఅవుట్ అనుమతికి వచ్చిన ప్రతి నక్షా మీద ఎగువ చెరువు అలుగు ఎక్కడుందో, దాని నీళ్లు దిగువ చెరువుకు ఏ సర్వే నంబర్ల మీదుగా పోతాయో గీసి ఉండాలి. ఆ గీత లేని నక్షాను వెనక్కి పంపాలి.

లేఅవుట్‌లో వదిలే పది శాతం ఖాళీ స్థలాన్ని కూడా నీళ్లకోసం వాడుకోవచ్చు. ఇప్పుడు ఆ ఖాళీ ఎక్కడ పడుతుంది? అమ్ముడుపోని మూలలో, త్రికోణంగా మిగిలిన ముక్కలో. దాన్ని సైటులో అన్నింటికన్నా పల్లంలో ఉన్న చోటే వదలాలని నిబంధన పెడితే సగం పని అయినట్టే. పదెకరాల లేఅవుట్‌లో ఒక ఎకరం పార్కు ఉంటుంది. పైన చెప్పిన గంట వానకు లేఅవుట్ మొత్తం నుంచి పారే నీరు సుమారు 1,400 ఘనపు మీటర్లు. ఎకరం పార్కును 35 సెంటీమీటర్లు లోతు చేస్తే అదంతా అందులో పడుతుంది; అంచులకు వాలు పెట్టాలి కాబట్టి అడుగున్నర లోతు తీయండి. అడుగున తొమ్మిది అంగుళాల పైపు ఒకటి నాలాకు కలిపితే పన్నెండు పద్నాలుగు గంటల్లో ఖాళీ అవుతుంది. పక్కన, నిండు మట్టానికి కాస్త ఎగువన, అంతకన్నా పెద్ద వానకోసం వెడల్పైన పొర్లుదారి ఉండాలి. మిగతా రోజుల్లో పిల్లలు అక్కడే క్రికెట్ ఆడుకుంటారు. దోమలు పెరుగుతాయన్న భయం ఎక్కువమందికి ఉంటుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పైనే పడుతుంది, ఇక్కడ నీళ్లు మర్నాటికి ఉండవు.

ఇది ఎక్కడ చెడిపోతుందో కూడా చెప్పాలి. పైపు నోటికి జాలీ పెట్టకపోతే మొదటి వానకే పాలిథిన్ కవర్లు మూసేస్తాయి. జాలీని నిలువుగా కాకుండా ఏటవాలుగా పెడితే చెత్త పైకి జారుతుంది, నోరు తెరిచే ఉంటుంది. రెండో ప్రమాదం కాలనీ సంఘమే. నాలుగేళ్లకు ఎవరో ఒకరు ‘గుంటలో ఉందేమిటి పార్కు’ అని మట్టి పోయించి, ఓపెన్ జిమ్ పెట్టించి, సీసీ బెడ్ వేయించి ప్రారంభోత్సవం చేస్తారు. అందుకే ఆ పార్కు అడుగు మట్టాన్ని రిజిస్టర్డ్ లేఅవుట్‌లోనే అంకెతో రాసి, అక్కడే ఒక రాయి నాటాలి.

ఇంకుడు గుంతల గురించి ఒక మాట. భూగర్భ జలాలకు అవి మంచివే, వరదకు వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతున్న గుంతను కంకరతో నింపితే అందులో పట్టేది మూడు వేల లీటర్ల పైచిలుకు. 150 చదరపు మీటర్ల డాబా మీద ఆ గంట వానకే ఏడున్నర వేల లీటర్లు పడతాయి. కింద రాతి పలక ఉన్న చోట, జూబ్లీహిల్స్ వైపు అది మామూలే, గుంత ఒకసారి నిండితే వారం దాకా దిగదు. పైన వేసిన ఇసుకను రెండేళ్లకోసారి తీసి కడగకపోతే మొరం నేలలో కూడా అంతే సంగతులు.

సెల్లార్ల విషయంలో ఒకటే సూచన. గరిష్ఠ వరద మట్టం కన్నా కిందికి దిగే సెల్లార్‌కు చెరువు దగ్గర అనుమతే వద్దు. మిగతాచోట్ల ర్యాంపు మొదట్లో రోడ్డు నడిమి ఎత్తుకన్నా అడుగు పైకి మూపురంలా కట్టాలి, మెయిన్ ప్యానెల్, జనరేటరు పై అంతస్తులో ఉండాలి.

నాలాలకు వస్తే, మూడు మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు, ఐదు వందలకు ఒకటి వాలున్న కాంక్రీటు నాలా సెకనుకు 11 ఘనపు మీటర్లు మోస్తుంది. అడుగున అడుగున్నర పూడిక పేరుకుంటే ఏడుకు లోపే. కోట్లు పోసి వెడల్పు చేసినదాన్ని పూడికే తినేస్తుంది. పైకప్పు వేసిన బాక్సు డ్రెయిన్లలో ముప్పై మీటర్లకో తెరిచే మూత లేకపోతే లోపల పూడిక ఎంతుందో ఎవరికీ తెలియదు. వెడల్పు పని కింది నుంచి మొదలై పైకి రావాలి; పైన ముందు చేస్తే కిందివాళ్లను ముంచినట్టే. కల్వర్టు కింద అడ్డంగా పోయే మంచినీటి పైపులు, కేబుళ్లు చెత్తను పట్టి ఆపుతాయి, వాటిని ముందు తప్పించాలి.

జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలకు, 1.32 లక్షల ఎకరాలకు 1996లో జీవో 111 ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో వాటిని ఎత్తేశారు. తాగునీటికి ఇప్పుడు ఆ జలాశయాల అవసరం తగ్గిందన్నది ప్రభుత్వం చూపిన కారణాల్లో ఒకటి. అవి కట్టింది వరదను ఆపడానికి అన్న సంగతి ఆ వాదనలో కనిపించదు. ఆ పరీవాహకం కాలనీలైతే జలాశయాలకు నీళ్లు ఎక్కువగా, ఇంకా తొందరగా చేరతాయి, గేట్లు ముందే ఎత్తాల్సి వస్తుంది. 2025 సెప్టెంబరు చివర్లో గేట్లెత్తిన నీళ్లు ఎంజీబీఎస్ బస్‌స్టేషన్‌లోకి వచ్చాయి, ఆ పల్లెల్లో ఇంకా చాలా భూమి ఖాళీగా ఉండగానే. జీవోను యథాతథంగా తిరిగి తెమ్మని మేం అడగడం లేదు. ఆ 84 గ్రామాల్లో ఏ లేఅవుట్ అయినా కట్టకముందు ఎంత నీరు బయటికి పంపేదో కట్టాక అంతకు మించి పంపకూడదన్న ఒక్క షరతు పెట్టండి. దాన్ని రుజువు చేసే లెక్కను అర్హత ఉన్న ఇంజనీరు సంతకంతో దరఖాస్తుకు జతచేయించండి.

ఔటర్ రింగురోడ్డుకు (ఓఆర్‌ఆర్) అవతల కట్టబోయే ప్రాంతీయ రింగురోడ్డు విషయంలో ఇంకా త్వరగా మేలుకోవాలి. రోడ్డు కట్ట వాగులకు అడ్డంగా వేసిన ఆనకట్టే, కల్వర్టులే దానికి తూములు. ఇవాళ్టి పొలాల లెక్కతో కల్వర్టు కట్టి, రేపు ఎగువన కాలనీలకు అనుమతిస్తే నీళ్లు రోడ్డుకు ఎగువనే నిలుస్తాయి. 158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్‌కు ఆనుకుని ఊళ్లు ఎలా పెరిగాయో చూస్తూనే ఉన్నాం. కట్టిన రోడ్డు కింద కల్వర్టు పెంచడం కొత్తది కట్టడం కన్నా ఎన్నో రెట్ల ఖర్చు. కాబట్టి మాస్టర్ ప్లాన్‌లో ఎగువన ఏ జోన్ పెట్టబోతున్నారో ముందు తేల్చి, ఆ పరీవాహకం పూర్తిగా కట్టడాలతో నిండినట్టు లెక్కగట్టి, కల్వర్టు కొలతలు టెండరు పిలవకముందే మార్చాలి.

ముసాయిదా ప్లాన్ అభ్యంతరాలకు పెట్టినప్పుడు రంగుల జోన్ల పటం ఒక్కటే పెడితే ఎవరూ ఏమీ చెప్పలేరు. ప్రతి చెరువుకూ అలుగు మట్టం, అలుగు పొడవు, గరిష్ఠ వరద మట్టం, తూము మట్టం, లెవెల్ తీసిన బెంచ్‌మార్క్ నంబరు, ఈ ఐదు అంకెలూ గ్రామాలవారీగా దాంతోపాటు తెలుగులో వేయమని కోరుతున్నాం.

ఇట్లు,
నీటిపారుదల, పట్టణ ప్రణాళిక రంగాల్లో పనిచేసిన కొందరు ఇంజనీర్లు,
హైదరాబాద్